తెగిన మోకా... తెంచిన మోకా?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే పత్రికల్లో ఓ వాక్యం తప్పక కనిపిస్తుంది... నిజాంపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని. మచిలీపట్నానికీ కృష్ణపట్నానికీ మధ్య ఇరుక్కుని వచ్చే ఆ పేరు చదివి పేజీ తిప్పేస్తాం. రేవులో మాత్రం ఆ రాత్రి ఎవరికీ కునుకుండదు. బోట్లను పక్కపక్కకు చేర్చి కట్టడం, మోకులు బిగించడం, లంగర్లు సరిచూడటం... తెల్లవార్లూ అదే పని. ఎంత గట్టిగా కట్టినా గాలి ముదిరితే మోకు తెగుతుంది. కొన్నిసార్లు అది తెగదు, మనిషే కత్తి తీసి తెంచాల్సి వస్తుంది. పక్క బోటు వచ్చి మీద పడుతుంటే, ఆదుకోవాల్సిన లంగరే పడవను ముంచేలా ఉంటే మరో దారి ఉండదు.

తెగడానికీ తెంచడానికీ మాటలో తేడా రవ్వంత. ఓడల కోర్టుల్లో మాత్రం కేసంతా ఆ రవ్వంత దగ్గరే తిరుగుతుంది. పెద్ద ఓడ లంగరంటే టన్నుల బరువున్న ఉక్కు. గాలికి మోకో గొలుసో దానంతటదే తెగి లంగరు అడుక్కి పోతే ఆ నష్టం ఓడ యజమానిదే, లేదా అతనికి బీమా ఇచ్చిన కంపెనీది. అదే... ఓడనీ సరుకునీ కాపాడటానికి కెప్టెన్ కావాలని తెంచి వదిలేశాడనుకోండి. అప్పుడు లంగరు ఖరీదు యజమాని ఒక్కడి నెత్తిన పడదు. ఒడ్డుకు క్షేమంగా చేరిన సరుకుదారులంతా తమతమ సరుకు విలువను బట్టి వాటా వేసుకుని భరించాలి. అందరికోసం ఒకరు పోగొట్టుకున్నది అందరూ ఇచ్చుకోవాలన్నమాట. దీన్ని 'జనరల్ యావరేజ్' అంటారు. మధ్యధరా సముద్రంలోని రోడ్స్ దీవి వర్తకుల కట్టుబాటుగా పుట్టి, రోమన్ల చట్టంలోకి ఎక్కి, మన దేశంలో 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం దాకా వచ్చిన సూత్రమిది. అందుకే గొడవ కోర్టుకెక్కితే మోకు కొన కూడా సాక్ష్యం చెబుతుంది. దానంతటది తెగిన మోకు పీచులు పీచులుగా విడిపోతుంది. కోసిన కొన నున్నగా ఉంటుంది.

సరే, లంగరు పోయింది, ఓడ కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది. అందులో ఉన్న సరుకు ఎవరిది? తెచ్చినవాడిదా, దొరికినవాడిదా, ఆ ఒడ్డును ఏలేవాడిదా? దీనికి 780 ఏళ్ల కిందటే ఒక రాజు ఇచ్చిన జవాబు బాపట్ల జిల్లాలో రాతి స్తంభం మీద ఉంది. తెనాలిలో బయల్దేరి రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల చూసుకుంటూ దాని దగ్గరికి వెళ్లొచ్చు.

ఓడే ప్రతివాది!

సముద్రం కథకు తెనాలిలో మొదలేంటని అనిపించవచ్చు. ఊరి మధ్య పారే మూడు కాలువల్లో ఒకదాని పేరే నిజాంపట్నం కాలువ. కృష్ణా నీళ్లు ఇక్కడి నుంచే పడమటి డెల్టాలోకి, అక్కణ్నుంచి సముద్రం వైపు పోతాయి. రోడ్లూ రైళ్లూ రాకముందు ఈ ప్రాంతపు సరుకు కాలువల మీద పడవల్లోనే నడిచేది. తెనాలికి దగ్గర్లోని దుగ్గిరాలలో మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. అదే దారిన పడవలు మద్రాసు దాకా వెళ్లేవి.

ఇంకో సంగతి కూడా ఉంది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నడుస్తున్న నేలపాడు తెనాలికి ఎంతో దూరం కాదు. ఓడల తగాదాలు వినే అధికారం ఆ కోర్టుకుంది. ఆ అధికారం ఊరికే రాలేదు, ఒక ఓడ కారణంగా వచ్చింది. ఆ ఓడ పేరు ఎం.వి.ఎలిజబెత్.

1984 ఫిబ్రవరిలో ఆ విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవులో సరుకెక్కించుకుంది. సరుకుదారుకు ఇవ్వాల్సిన రసీదు కాగితాలు ఇవ్వకుండానే వెళ్లిపోయింది. వద్దన్నా వినకుండా అవతల సరుకును దించేసింది. ఏప్రిల్‌లో అదే ఓడ విశాఖపట్నం రేవుకొచ్చింది. గోవా కంపెనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఓడను అరెస్టు చేయమంది. మనిషిని కాదు... ఓడను! సముద్ర చట్టంలో ఇదో వింత. యజమాని ఏ దేశంలో ఉన్నాడో, అసలు ఎవరో కూడా వెతకనక్కర్లేదు. ఓడనే ప్రతివాదిగా నిలబెట్టి, పూచీ కట్టేదాకా రేవు దాటనివ్వరు. లేకపోతే రేపు పొద్దున అది ఏ సముద్రంలో ఉంటుందో ఎవరికి తెలుసు?

ఓడ తరఫువాళ్లు ఎదురు తిరిగారు. బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకైతే ఇంగ్లిషువాళ్ల కాలం నుంచీ ఓడల కేసులు వినే అధికారం ఉంది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఎక్కడిదన్నారు. పైగా వాళ్లు చూపించింది బ్రిటిష్ పార్లమెంటు 1861లో చేసిన చట్టం. తగాదా సుప్రీంకోర్టుకు పోయింది. 1992 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. స్వతంత్ర దేశపు హైకోర్టు చేతుల్ని వలస పాలన నాటి చట్టం కట్టేయలేదనీ, తీరమున్న రాష్ట్రపు హైకోర్టుకు ఆ అధికారం సహజంగానే ఉంటుందనీ ఆ తీర్పు సారాంశం. సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చున్న కోర్టులో పెట్టిన కేసు దేశమంతటికీ దారి చూపింది. ఓడల న్యాయం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ మొదట వల్లెవేసేది 'ఎలిజబెత్ కేసే'. తర్వాత పార్లమెంటు 2017లో అడ్మిరాల్టీ చట్టం చేసింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఓడను కాపాడినందుకు ఇచ్చే కూలి, జనరల్ యావరేజ్ వాటాలు... అన్నీ అందులో చేరాయి.

కృష్ణమ్మ అవతల దివిసీమ

తెనాలిలో రేపల్లె రైలెక్కితే దారంతా పచ్చని చేలే. వేమూరు దాటాక వచ్చే భట్టిప్రోలులో బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అక్కడ తవ్వినప్పుడు బుద్ధుడి ధాతువులు దాచిన భరిణెలు బయటపడ్డాయి. వాటిమీది లిపి క్రీస్తుకు పూర్వపుది. ఈ కృష్ణా తీరం ఎంత పాతదో చెప్పడానికి ఆ భరిణెలు చాలు.

రైలు రేపల్లెతో ఆగిపోతుంది. ఆ పట్టాల కొస నుంచి కొద్ది దూరంలో కృష్ణానది, నదికి అవతల దివిసీమ. 1977 నవంబరు 19 గురించి ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లను ఎవర్ని కదిపినా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ రోజు ఉప్పెన సముద్రాన్ని ఊళ్లమీదికి తెచ్చింది. సర్కారు లెక్కలోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. పశువుల సంగతి చెప్పనక్కర్లేదు. పడవలు, లంగర్లు, మోకుల గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్ల గొంతులో వినిపించే భయం ఆనాటిదే.

రేపల్లె నుంచి దక్షిణంగా రోడ్డున వెళ్తే నిజాంపట్నం. పాత రోజుల్లో ఇది పెద్దపల్లి. ఐరోపావాళ్ల నోట 'పెటపోలి' అయింది. డచ్చివాళ్లు 1606లో ఇక్కడ వర్తకం పెట్టారు. మద్రాసు అనే నగరానికి పునాది కూడా పడని 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' ఇక్కడికి వచ్చింది. వస్త్రాల కోసం, అద్దకాల కోసం వచ్చినవాళ్లే అంతా. అయితే ఏ ఓడా ఒడ్డుకు ఆనుకుని నిలిచింది లేదు. కృష్ణా తెచ్చి పోసే మట్టితో ఇక్కడ సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరంగా నడిసంద్రంలో లంగరు దించితే చిన్న పడవల మీద సరుకు తెచ్చేవారు. చుట్టూ కొండా లేదు, గాలికి అడ్డూ లేదు. ఓడకు దిక్కల్లా లంగరు, మోకు... ఆ రెండే!

ఇక్కడో చిన్న ముచ్చట. లంగరు, సరంగు పారశీకం నుంచి వచ్చిన మాటలు. చుక్కాని, కళాసీ అరబ్బుల నుంచి వచ్చినవి. తుపాను కూడా ఆ వైపు నుంచి వచ్చిందే. తెలుగు రేవుల్లో ఎవరెవరు దిగారో ఏ చరిత్ర పుస్తకం తెరవకుండానే ఈ మాటలు చెబుతాయి. మోకు మాత్రం మనదే.

ఇప్పటి నిజాంపట్నం చేపల రేవు. హార్బరు విస్తరణ పనులకు 2020లో శంకుస్థాపన జరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ మరబోట్లన్నీ రేవులోనే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, చెక్కలకు రంగులేయడం, మోకులు మార్చుకోవడం అప్పుడే. చూడాలనుకునేవాళ్లు ఆ రోజుల్లో వెళితే ఒక్క బోటు మీద ఎన్ని రకాల తాళ్లుంటాయో తెలుస్తుంది.

సముద్రంలో తగాదాలు తుపాను రోజుల్లోనే వస్తాయనుకుంటే పొరపాటు. చిన్న పడవవాళ్లు సాయంత్రం వల వేసి ఉంచుతారు. రాత్రివేళ మరబోటు అటుగా వెళితే వల తాళ్లు తెగిపోతాయి. లక్షలు పోసి కొన్న వల, అప్పు కూడా తీరని వల... పొద్దున్నే చూస్తే ముక్కలు. తీరానికి దగ్గర్లో సంప్రదాయ పడవలకే హక్కు ఉంచుతూ 1994లోనే రాష్ట్రం చట్టం చేసింది. కానీ చీకట్లో తాడు తెంచిందెవరో చెప్పడానికి సాక్షులెవరుంటారు? అందుకే ఇలాంటివి చాలావరకు కోర్టుదాకా పోవు. రేవు పెద్దలు రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి, ఏ బోటు ఎటు పోయిందో, గాలి ఏ దిక్కున ఉందో, నీటి ఒరవడి ఎటు లాగుతోందో లెక్కగట్టి సొమ్ము తేలుస్తారు. అక్కడా మొదటి ప్రశ్న అదే... తెగిందా, తెంచారా?

ఒడ్డుకు కొట్టుకొచ్చింది

నిజాంపట్నం నుంచి పడమరగా వెళ్తే బాపట్ల. భావనారాయణస్వామి ఊరు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయ్యాక రేపల్లె, నిజాంపట్నం, చినగంజాం అన్నీ దీని కిందికే వచ్చాయి. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక బీచి. ఆదివారాల్లో జనంతో కిటకిటలాడే ఆ ఇసుకే 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపానుకు ఎదురు నిలిచింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గరే.

తుపాను వెలిసిన మర్నాడు తీరానికెళితే సముద్రం ఏం కక్కిందో కనిపిస్తుంది. దుంగలు, డ్రమ్ములు, వల ముక్కలు, తెగిన మోకులు. అప్పుడప్పుడూ ఊహించనివీ వస్తాయి. 2022 మేలో అసాని తుపానప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకు ఏకంగా బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది. ఆగ్నేయాసియా బౌద్ధ మందిరంలా ఉన్న ఆ రథాన్ని మత్స్యకారులు తాళ్లు కట్టి ఒడ్డుకు లాగారు. చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. 2020 అక్టోబరులో విశాఖలో అయితే ఓడే వచ్చింది. బంగ్లాదేశ్‌కు చెందిన 'ఎం.వి.మా' గాలికి లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్లమీదికి ఎక్కేసింది. సిబ్బంది 15 మందీ క్షేమంగా బయటపడ్డారు. విశాఖవాసులకు మాత్రం కొన్నాళ్లపాటు అదో తీర్థం!

దొరికింది కదా అని తీసుకెళ్లిపోతే కుదరదు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం ఒడ్డుకొచ్చిన ఓడ సామగ్రి దొరికినవాళ్లు దానికోసమే నియమించిన అధికారికి తెలియజేయాలి. అసలు యజమాని ఏడాదిలోగా వచ్చి తనదని రుజువు చేసుకుంటే, కాపాడినందుకు కూలీ ఖర్చులూ కట్టి తీసుకుపోవచ్చు. ఆ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. మొత్తమ్మీద నీతి ఒకటే. సముద్రం తెచ్చి పడేసినంత మాత్రాన వస్తువు సొంతదారు మారడు.

ఇప్పుడు ఇది న్యాయంగా, మామూలుగా అనిపిస్తుంది. ఒకప్పుడు ఎక్కడా మామూలు కాదు. మలబారు తీరంలోని ఏలి రాజ్యం గురించి మార్కోపోలో రాసింది చూడండి. ఆ రేవుకే రావాలని వచ్చిన ఓడకు మర్యాద చేస్తారట. వేరే ఊరికి పోతూ గాలికి కొట్టుకొచ్చిందా... దేవుడే మాకు పంపాడంటూ సరుకంతా ఊడ్చుకుంటారట. ఇంగ్లండులో 1275 నాటి చట్టం కాస్త మెరుగు. పగిలిన ఓడలోంచి మనిషిగానీ, కుక్కగానీ, చివరికి పిల్లిగానీ ప్రాణంతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడగా లెక్కించకూడదంది. సరుకును ఏడాదీ ఒక రోజూ భద్రపరచి యజమాని వస్తే అప్పగించమంది. అంటే ఓ వర్తకుడి ఆస్తంతా ఓడలో పిల్లి బతకడం మీద ఆధారపడి ఉండేదన్నమాట.

మోటుపల్లి స్తంభం

అంతకు ముప్ఫై ఏళ్ల ముందే మన తీరంలో పిల్లితో పనిలేకుండా మాట ఇచ్చిన రాజు కాకతీయ గణపతిదేవుడు. బాపట్ల నుంచి మద్రాసు లైనులో చీరాల దాటి వెళితే చినగంజాం వస్తుంది. ఉప్పు కొటార్ల ఊరు. అక్కడికి దగ్గర్లో సముద్రం పక్కనే మోటుపల్లి. ఊళ్లోని వీరభద్రేశ్వరాలయంలో ఉన్న స్తంభం మీద శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ.1244-45లో చెక్కిన శాసనముంది. కొంత సంస్కృతం, కొంత తెలుగు. చదువుకున్నవాళ్లంతా ఏదో ఒక తరగతిలో దీని గురించి రెండు మార్కుల జవాబు రాసే ఉంటారు. మోటుపల్లి అభయ శాసనం!

రెండు మార్కులకు సరిపోయే విషయం కాదది. దేశదేశాల నుంచి, దీవుల నుంచి వచ్చిపోయే ఓడ వర్తకులకు రాజు నేరుగా చెబుతున్నాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుపానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ ఇంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఒప్పుకొంటాడు. ఆ తర్వాతి మాటే అసలైంది. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని అంత సాహసం చేసి సముద్రం మీద వచ్చినవాళ్ల సొత్తును తాము ముట్టుకోబోమంటాడు. దయతో, కీర్తికోసం, ధర్మంకోసం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వారికే వదిలేస్తున్నామంటాడు. ఆ సుంకం ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్ఫయ్యింట ఒక వంతు. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు... ఏ సరుకుకు ఎంతో కూడా రాయించాడు. రేవు ఉద్యోగి తనకు తోచినంత అడక్కుండా ఉండాలంటే ధరల పట్టిక జనం కంటపడే చోటే ఉండాలి మరి.

ఇందులో దయతో పాటు తెలివీ ఉంది. పగిలిన ఓడను దోచుకుంటే ఖజానాకు ఒక్కసారే సొమ్ము. దోచుకోరన్న పేరొస్తే వంద ఓడలు వస్తాయి, ఒక్కో ఓడకు ముప్ఫయ్యో వంతు ఏటా జమ. ఓరుగల్లులో కూర్చున్న రాజుకు సముద్రం కనిపించకపోయినా ఆ లెక్క కనిపించింది. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి కాలంలోని ఈ రాజ్యాన్నే మార్కోపోలో 'ముత్ఫిలి' అన్నాడు. న్యాయంగా ఏలే రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. రాణిని రాజు భార్య అనుకోవడం అతని పొరపాటు. కాకతీయుల తర్వాత కూడా మోటుపల్లి మాట నిలిచింది. కొండవీటి అనపోతారెడ్డి 1358లో ఇక్కడే మరో శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు చోటిస్తామనీ, వెళ్తామంటే ఆపబోమనీ హామీ ఇచ్చాడు. దాన్ని తమిళంలో కూడా చెక్కించడం చూస్తే వచ్చేవాళ్లెవరో తెలుస్తుంది.

ఇప్పుడు మోటుపల్లి చిన్న ఊరు. ఓడలు లేవు, సుంకం వసూలుచేసేవాళ్లూ లేరు. గుడిలో స్తంభాన్ని చూసి అలా ఇసుకలో నడుచుకుంటూ వెళ్తే ఒడ్డున చేపల పడవలు కనిపిస్తాయి. చూడబోయేవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళితే ఎండ బాధ ఉండదు. చినగంజాంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. చీరాలలో ఆగితే దారిలోనే వాడరేవు కూడా చూడొచ్చు. ఓడరేవు అన్న మాటే జనం నోట అలా మిగిలింది.

తుపాను తర్వాత ఈ తీరంలో ఎక్కడికి వెళ్లినా ఒక దృశ్యం మామూలే. ఇసుకలో పడి ఉన్న తాళ్ల కుప్పల మధ్య మనుషులు వంగి వెతుకుతుంటారు. ఎవరి బెండ్లకు వాళ్ల రంగు, ఎవరి మోకుకు వాళ్ల ముడి. ఒకరు కుప్పలోంచి ఓ కొస లాగి చూసి, తనది కాదని తేలగానే మళ్లీ అక్కడే పెట్టి ముందుకు నడుస్తారు.